ముట్టవద్దని దేవుడు అన్నాడా?

మాలాంటి రిఫార్మ్‌డ్ సంఘాల, అంటే కాల్విన్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్ సంఘాల పేరెత్తగానే బయటివాళ్ళు అనే మాట లీగలిజం, అంటే నియమాలు పాటించడమే భక్తి అనుకోవడం. ఆదివారం రెండు ఆరాధనలకూ రావాలి, బైబిల్లోని కీర్తనలు తప్ప వేరే పాటలుండవు, బల్లకు (ప్రభువు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు) ముందు సంఘ పెద్దలు ఇంటికొచ్చి మాట్లాడతారు, ఇదంతా ధర్మశాస్త్రం కింద బతకడమే కదా అంటారు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆజ్ఞను ప్రేమించడం లీగలిజం ఎలా అవుతుంది? మా సంఘాలు విశ్వాసం నేర్పడానికి వాడే 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరాల్లో పది ఆజ్ఞలు కృతజ్ఞత అనే మూడో భాగంలో ఉన్నాయి, అంటే విడుదల పొందినవాడికే ఇచ్చారు. నిర్గమకాండం 20లో కూడా అంతే, బానిసల ఇంట్లోనుంచి నిన్ను రప్పించింది నేనే అన్న తర్వాతే మొదటి ఆజ్ఞ వస్తుంది.

అయినా ఈమధ్య ఒక్క మాట నన్ను వదలడం లేదు. ముట్టవద్దు.

ఆదికాండం 2:17లో ఏదెను తోటలోని ఒక చెట్టు పండు గురించి దేవుడు చెప్పింది తినవద్దని. 3:3కి వచ్చేసరికి హవ్వ నోట్లో ‘ముట్టకూడదు’ అని కూడా చేరింది. మంచి ఉద్దేశంతోనే అని ఉండొచ్చు, ముట్టుకోకపోతే తినే ప్రశ్నే రాదు కదా. కానీ ఆ జాగ్రత్తను కూడా ఆమె దేవుడు చెప్పాడనే చెప్పింది. మళ్ళీ అదే మాట కొలొస్సయి 2:21లో వినిపిస్తుంది, చేత పట్టుకొనవద్దు, రుచిచూడవద్దు, ముట్టవద్దు. ఇలాంటి విధులకు మీరెందుకు లోబడుతున్నారని పౌలు అడుగుతాడు. తోటలో మొదలైన మాట సంఘం దాకా వచ్చేసింది! మరి మన ప్రభువు? మార్కు 1:41లో కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టాడు. నీవు శుద్ధుడవు కమ్మనే మాట ఆ తర్వాతే అన్నాడు. ఆ మనిషిని ఎవరైనా ముట్టుకుని ఎన్నేళ్ళయిందో అని ఆలోచిస్తే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

మా అమ్మ హాస్పిటల్లో ఉన్నప్పుడు వరసగా మూడు ఆదివారాలు సాయంత్రం ఆరాధనకు వెళ్ళలేకపోయాను. పెద్ద ఒకరు ఇంటికొచ్చి, విశ్రాంతి దినాన్ని ఎందుకు నిర్లక్ష్యం చేస్తున్నారమ్మా అని అడిగారు. అమ్మకెలా ఉందని అడగలేదు. బల్లకు రావద్దని కూడా అనలేదు, అది నిజమే చెప్పాలి. కానీ తర్వాతి బల్లలో రొట్టె పళ్ళెం నా దగ్గరికి వచ్చినప్పుడు చాపిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. పక్కనున్న అక్క పళ్ళెం పట్టుకుని అలాగే నాకోసం ఎదురుచూస్తోంది, నేను తల అడ్డంగా ఊపాను. నాకోసం విరవబడిన శరీరం దగ్గర నాకు వినిపించింది ముట్టవద్దు అనే. అది ప్రభువు స్వరం కాదని తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మన సంఘాలు ఏం నమ్ముతాయో చెప్పే వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణమైనా అంత కఠినంగా లేదండీ. విశ్రాంతి దినాన అవసరమైన పనులూ కనికరం చూపే పనులూ చేయాలని 21వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. మనస్సాక్షికి దేవుడొక్కడే ప్రభువని, వాక్యానికి విరుద్ధమైన మనుషుల ఆజ్ఞల నుంచి దాన్ని ఆయన విడిపించాడని 20వ అధ్యాయం చెబుతుంది. అదేదో ఉదారవాదులు రాసింది కాదు, 1646లో మన పితరులు రాసిందే. మనం దాన్ని పిల్లల చేత కంఠస్థం చేయించి మనం మాత్రం పాటించకపోతే ఎలా?

సాయంత్రం ఆరాధన వద్దని నేననడం లేదు, నాకు అదంటే ప్రాణం. పెద్దలారా, నియమాలు పెట్టండి. ఇది వాక్యం, ఇది మన సంఘం చేసుకున్న ఏర్పాటు అని విడదీసి చెప్పండి, చిన్న పిల్లలకు కూడా తెలిసేలా చెప్పండి. రాని మనిషి ఇంటికి వెళ్తే ముందు కూర్చోండి, ఇంట్లో ఎవరికి బాగోలేదో అడగండి, కలిసి ప్రార్థన చేయండి. హాజరు సంగతి తర్వాత.

ఈ ఆదివారం మళ్ళీ బల్ల ఉంది. అమ్మ కూడా వస్తానంటోంది, నడవడం ఇంకా కష్టంగానే ఉంది, వెనక వరసలో తలుపు పక్కన కూర్చుంటాం. పళ్ళెం వచ్చినప్పుడు ముందు ఆమెకు అందించి, ఆ తర్వాత నేను తీసుకుంటాను.