పెసరట్టు కోసం మళ్ళీ వెళ్తుంటే

విజయవాడ గాంధీనగర్ బాబాయ్ హోటల్‌లో వెన్న, కారప్పొడి వేసిన ఇడ్లీ ఇష్టమైతే ఏ పూటైనా ధైర్యంగా వెళ్ళొచ్చు. ఇడ్లీ వేళకి పెద్దగా లొంగదు. పెసరట్టు ఉప్మా అలా కాదు. ఎప్పుడో తిని మెచ్చుకున్న హోటల్‌కి కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి "మునుపటి రుచి లేదండీ" అని పెదవి విరిచేది ఎక్కువగా దీని దగ్గరే. దోసె మాస్టర్ మారాడేమో అనుకునే ముందు మనం ఎన్నింటికి వెళ్ళామో చూసుకోవాలి.

పెసర పిండి పులియబెట్టేది కాదు. పొట్టు పెసలు నాలుగైదు గంటలు నానాలి, చలికాలమైతే ఆరు. గ్లాసు పెసలకి రెండు చెంచాల బియ్యం, అంగుళం అల్లం, నాలుగు పచ్చిమిర్చి వేసి, వేలికి సన్నటి రవ్వ తగిలేలా రుబ్బుతారు. బియ్యం ఎక్కువైతే అట్టు చల్లారగానే బిరుసెక్కుతుంది. అసలు చిక్కు రుబ్బిన తర్వాత మొదలవుతుంది. ఎండాకాలంలో రెండు మూడు గంటలు బయట ఉంటే పిండి పొంగి పులుపు తిరుగుతుంది, పెసల కమ్మదనం పోతుంది. అందుకే మంచి హోటళ్ళలో కొంచెం కొంచెంగా రుబ్బుకుంటారు, ఉప్పు కూడా అప్పటి వాయికే కలుపుతారు. గిన్నెలో పిండి పచ్చగా, నురగ లేకుండా ఉంటే నిశ్చింతగా చెప్పేయండి. పైన బుడగలు కనిపిస్తే ఆ పూటకి ఇడ్లీయే మేలు.

ఉప్మాకి గడువు ఇంకా తక్కువ. పెసరట్టులోకి చేసే ఉప్మా జారుగా ఉండాలి. విడిగా తినే ఉప్మాకి గ్లాసు బొంబాయి రవ్వకి రెండున్నర గ్లాసుల నీళ్ళు పోస్తే, దీనికి మూడు, మూడుంపావు. అట్టు పొడిగా ఉంటుంది కాబట్టి తడి అంతా ఉప్మా నుంచే రావాలి. ఆరేకొద్దీ రవ్వ ఆ నీళ్ళు పీల్చేసి ముద్ద కడుతుంది. ఏడు, ఎనిమిది మధ్య తిన్న ఉప్మా, పదిన్నరకి అదే గిన్నెలోది అయినా గొంతు దిగదు. ఆలస్యమైతే ఉల్లి పెసరట్టు ఒక్కటే చెప్పండి. ఉప్మా కావాల్సిందే అంటే పక్కన పెట్టమనండి, బాగోకపోతే అట్టయినా దక్కుతుంది.

వీలుంటే పెనం కనిపించే బల్ల దగ్గర కూర్చోండి. నీళ్ళు చిలకరించి, తుడిచి, ఆ తర్వాతే పిండి పోస్తున్నాడా? పెనం మరీ కాలితే పిండి గరిటెకి చుట్టుకుని ఉండలు కడుతుంది, చల్లారితే అతుక్కుంటుంది. ఉల్లి, అల్లం ముక్కలు, జీలకర్ర పిండి తడిగా ఉండగానే చల్లి గరిటెతో అద్దాలి. ఆరాక చల్లితే సగం విస్తట్లో రాలతాయి.

అల్లం పచ్చడి లేకుండా ఇదంతా దండగ. అల్లం, చింతపండు సమంగా, బెల్లం వాటికి ఒకటిన్నర రెట్లు, ఎండుమిర్చి కారానికి తగినంత. అల్లం నూనెలో బాగా వేగకపోతే పచ్చి ఘాటు నాలుక మీదే నిలిచిపోతుంది. ముదురు అల్లం పీచు పళ్ళల్లో ఇరుక్కుంటుంది. హోటల్ వాళ్ళు చేయి బిగించేది బెల్లం దగ్గరే కాబట్టి పచ్చడి మరీ పుల్లగా తగిలితే కారణం వెతకక్కర్లేదు. సాంబారు పోసుకునే వాళ్ళతో నాకు పేచీ లేదు గానీ, ఉల్లి కరకర అందులో మునిగిపోతుంది.

పార్సిల్ మాత్రం వద్దు. పొట్లంలో పట్టిన ఆవిరికి పావుగంటలో అట్టు తోలులా సాగుతుంది. ఇంటికి తీసుకెళ్ళక తప్పదంటే అట్టు మడవకుండా, ఉప్మా వేరే పొట్లంలో కట్టించుకోండి. ఇంట్లో అట్టుని నూనె వేయకుండా వేడి పెనం మీద అర నిమిషం ఉంచి, ఉప్మాలో రెండు చెంచాల వేణ్ణీళ్ళు పోసి కలపండి.