శాలువా కప్పితే మళ్లీ రారు

మా బీరువాలో ఏడు శాలువాలున్నాయి. ఒక్కటీ కొన్నది కాదు. ఫ్రెషర్స్ డే, సెమినార్, అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినోత్సవం, ఇలాంటి సభల్లో "మన పూర్వ విద్యార్థిని, ప్రముఖ కౌన్సెలర్" అని మైకులో చెప్పి కప్పినవే అన్నీ. ప్రముఖ అన్నప్పుడల్లా ఎవరబ్బా అని నేనూ పక్కకి చూస్తాను, అది వేరే సంగతి. శాలువా కప్పుతారు, మెమెంటో ఇస్తారు, ఫొటో తీస్తారు, ఇడ్లీ వడ పెట్టి క్యాబ్ ఎక్కిస్తారు. ఆ తర్వాత ఏడాది దాకా ఉలుకూ పలుకూ ఉండదు. మళ్లీ అక్టోబరు మొదటి వారంలో ఫోన్.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, నేను తార్నాక వైపు ఒక పీజీ కాలేజీలో కౌన్సెలింగ్ విద్యార్థుల క్లబ్బుకి సాయంగా ఉంటున్నాను. ఈ రాసింది ఆ విద్యార్థులు కూడా చదువుతారు కాబట్టి కాలేజీ పేరు చెప్పను. పోయిన ఏడాది ఆ క్లబ్బు సెక్రటరీ నా దగ్గరికొచ్చి, "మేడమ్, సీనియర్లు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ చూస్తారు గానీ రిప్లై ఇవ్వరు, వాళ్లకి మా మీద ఇంట్రెస్ట్ లేదా?" అని అడిగింది. ఆ గ్రూపు తెరిచి చూశాను. పైనుంచి కింద దాకా గుడ్ మార్నింగ్ పువ్వులు, పండగ శుభాకాంక్షలు, మధ్యలో "అందరూ తప్పక రావలెను" అని ఒక పోస్టరు. దీనికి ఎవరైనా ఏమని రిప్లై ఇస్తారు?

నేను అమెరికాలో కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేసినప్పుడు అక్కడ కై సిగ్మా అయోటా అని ఒక ఆనర్ సొసైటీ చాప్టర్‌లో, అంటే మా యూనివర్సిటీ శాఖలో, ఉండేదాన్ని. మనకి అంతగా అలవాటు లేని సరుకు ఇది. చదువులో బాగా రాణించిన వాళ్లని పిలిచి సభ్యత్వం ఇచ్చే సంఘం అన్నమాట, 4కి 3.5 జీపీఏ ఉండాలి. 1985లో ఒహాయో యూనివర్సిటీలో థామస్ స్వీనీ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టారు, ఇప్పుడు చాలా యూనివర్సిటీల్లో చాప్టర్లున్నాయి, ప్రతి చాప్టర్‌కీ ఒక ఫ్యాకల్టీ సలహాదారు ఉంటారు. డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన సభ్యత్వం పోదు, ఏటా చందా కట్టుకుంటూ ఉంటే ప్రాక్టీస్‌లో ఉన్నవాళ్లూ సభ్యులే. చదువుకునేవాళ్లు, చదువు చెప్పేవాళ్లు, పని చేసేవాళ్లు ఒకే గొడుగు కింద ఉండాలన్నదే దాని ఉద్దేశం.

కాగితం మీద. చాప్టర్‌ని నడిపేది రెండో ఏడాది విద్యార్థులు, మే నెల రాగానే పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు, కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ అ ఆ ల నుంచి మొదలుపెడతారు. వెళ్లిపోయిన వాళ్లకేమో అసలు కష్టం అప్పుడే మొదలు. లైసెన్స్ రావాలంటే ఇంకొకరి పర్యవేక్షణలో వేల గంటలు పని చేసి చూపించాలి, ఎన్ని గంటలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, దానికి ఏళ్లు పడుతుంది, ఆ రోజుల్లో జీతమూ అంతంత మాత్రమే. అలాంటి మనిషికి "మా సభకి రండి" అని ఈమెయిల్ పెడితే డిలీట్ కొట్టక ఏం చేస్తారు.

కానీ మా చాప్టర్‌కి ఒకావిడ మాత్రం తప్పకుండా వచ్చేది. నాకు రెండేళ్లు సీనియర్. ప్రతి సెమిస్టర్‌లో ఒకే ఒక్క సాయంత్రం, ఆరింటి నుంచి ఏడున్నర దాకా. ఎన్‌సీఈ అని అక్కడ కౌన్సెలర్లు రాసే 200 ప్రశ్నల పరీక్ష ఉంటుంది, దానికి తను ఎలా చదివిందో, ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పేది. స్లైడ్లు లేవు, ఉపన్యాసం లేదు. చేతిలో కాఫీ, టేబుల్ మీద తను గీతలు గీసుకున్న పాత పుస్తకం. ఏడున్నరకి లేచి వెళ్లిపోయేది, ఎవరూ ఆపేవాళ్లు కాదు. ఆవిడ ఎందుకొచ్చేదో నాకు అప్పుడు తట్టలేదు. ఏం చేయాలో, ఎంతసేపు చేయాలో ముందే తెలుసు, అది తనకి చేతనైన పని, పైగా ఒప్పుకున్న దానికంటే ఒక్క పైసా ఎక్కువ అడగరని నమ్మకం. ఇదంతా నేను ఇక్కడికొచ్చి నా సొంత తెలివితో ఒక ఆలమ్నై మీట్ పెట్టి చేతులు కాల్చుకున్నాక అర్థమైంది.

ఆ మీట్ సంగతి త్వరగా చెప్పేస్తాను, సిగ్గుగా ఉంది. పద్దెనిమిది మంది వస్తామన్నారు. ఐదుగురు వచ్చారు. నలభై ప్లేట్ల బిర్యానీ చెప్పాం. మిగిలింది హాస్టల్ పిల్లలు తిన్నారు, వాళ్లు మాత్రం ఇలాంటి మీట్‌లు నెలకొకటి పెట్టమన్నారు.

రానివాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఎందుకు రాలేదని నిలదీయడానికి కాదు, ఎలా ఉన్నారో కనుక్కుందామని. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఒకమ్మాయి గచ్చిబౌలిలో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో ఉంది. "అక్కా, నేను ఫీల్డ్‌లోనే లేను కదా, పిల్లల ముందుకొచ్చి ఏమని చెప్పుకోను?" అంది. తను ఓడిపోయాననుకుంటోంది. స్కూల్లో కౌన్సెలర్‌గా ఇచ్చే జీతంతో ఇంటి అద్దె కూడా వెళ్లక మారింది, అది ఓటమి ఎలా అవుతుంది? అసలు మన పిల్లలు వినాల్సిన మాట అదే కదా. ఇంకొకతను మియాపూర్ దగ్గర ఒక ఇంటర్ కాలేజీలో ఏకైక కౌన్సెలర్, కొన్ని వందల మంది పిల్లలకి ఒక్కడు. మేం మీట్ పెట్టింది మార్చిలో! ఇంటర్ పరీక్షలు జరిగే నెలలో ఇంటర్ కాలేజీ కౌన్సెలర్‌ని పిలిచాం, రాలేదని అలిగాం. ఇద్దరమ్మాయిల నంబర్లే మారిపోయాయి, పెళ్లయ్యాక ఇంటిపేరూ మారింది, ఊరూ మారింది. మా లిస్టులో ఉన్నవేమో కాలేజీ ఈమెయిళ్లు, చదువు అయిపోగానే అవి మూసేస్తారు. అంటే మేం రెండేళ్లుగా ఎవరూ లేని ఇళ్లకి ఉత్తరాలు వేస్తున్నాం.

ఆ మియాపూర్ అబ్బాయి ఫోన్ పెట్టేసే ముందు ఒక మాటన్నాడు. "అక్కా, సభకి కాదు గానీ, ఎవరితోనైనా కాసేపు కేసుల గురించి మాట్లాడే వీలుంటే చెప్పండి, ఇక్కడ నేను అనేది ఎవరికీ అర్థం కాదు, రాత్రి ఇంటికెళ్లి గోడతో మాట్లాడుకోవడమే."

ఇక్కడే నా బుర్ర వెలిగింది. అప్పటిదాకా మేం వాళ్లని ఇవ్వమనే అడుగుతున్నాం. టైమ్ ఇవ్వండి, స్పీచ్ ఇవ్వండి, ఫ్లెక్సీకి డబ్బులివ్వండి. వాళ్లకేం కావాలో ఒక్కరం అడగలేదు. అమెరికాలో అయితే డిగ్రీ అయ్యాక కూడా ఒక సూపర్‌వైజర్ ఉంటారు, కేసు ముందు పెట్టుకుని మాట్లాడటం పనిలో భాగం. ఇక్కడ ఎమ్మెస్సీ చేసి స్కూల్లోనో కాలేజీలోనో చేరినవాళ్లకి చాలావరకు ఆ ఏర్పాటే ఉండదు. మొదటి రోజే గది తాళాలిచ్చి "ఇక మీ ఇష్టం" అంటారు. పిల్లాడు చావు మాట ఎత్తితే ఎవరికి చెప్పాలి, ప్రిన్సిపాల్ ఇంట్లో చెప్పొద్దంటే ఏం చేయాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయించాలా, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపిస్తే వాళ్ల అమ్మానాన్నలు ఆ పేరు వినగానే పిల్లాణ్ని చదువు మాన్పించి తీసుకెళ్లిపోతే? టెలిమానస్ వచ్చాక కనీసం ఆ నంబరైనా గోడ మీద రాసుకుంటున్నాం, మిగిలిన ప్రశ్నలన్నీ అలాగే ఉన్నాయి.

అందుకని నెలకోసారి, రెండో శనివారం మూడింటి నుంచి నాలుగున్నర దాకా, కేసులు మాట్లాడుకోవడం పెట్టాం. దీనికి పేరు లేదు. పోస్టరు లేదు. శాలువా అసలే లేదు. మొదటిసారి బద్ధకించి ఒక ఇరానీ హోటల్లో కూర్చుందామన్నారు, పక్క టేబుల్ ఆయన పేపర్ మడిచి మా మాటలే వింటున్నాడు, పది నిమిషాల్లో లేచి కాలేజీకి వచ్చేశాం. ఇప్పుడు తలుపు వేసుకుని కాలేజీ గదిలోనే. పేరు, ఊరు, కాలేజీ, గుర్తుపట్టే వివరం ఏదైనా సరే మార్చి చెప్పాలి. విద్యార్థులు కూర్చోవచ్చు, నోట్స్ రాయకూడదు, ఫోన్లు బయట బల్ల మీద. ఫోన్ల రూలు ఊరికే రాలేదు, ఒకసారి ఒక పిల్లాడు ఉత్సాహం ఆపుకోలేక ఫొటో తీసి స్టేటస్ పెట్టాడు, వెనకాల బోర్డు మీద మేం గీసిన కుటుంబ పటం మొత్తం కనిపిస్తోంది. మార్చి రాసిన వివరాలే అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో నెలలో అనుకుంటా, మియాపూర్ అబ్బాయి ఒక కేసు పెట్టాడు. ఒక పిల్లాడు వచ్చి తన దగ్గర కూర్చుంటాడు గానీ నోరు విప్పడు, ఆరు వారాలైంది, ఏం చేయాలో తోచట్లేదన్నాడు. మేం పెద్దవాళ్లం తలో థియరీ చెప్పాం, బాగానే చెప్పాం అనుకున్నాం కూడా. ఫస్టియర్ అమ్మాయి ఒకతి, వచ్చి రెండు నెలలు కాలేదు, భయపడుతూ అడిగింది. "అన్నా, ఆ అబ్బాయి మీ దగ్గరికి తనే వచ్చాడా, పంపించారా?"

అతను కాసేపు మాట్లాడలేదు. "వార్డెన్ పంపించాడు. రావడం నీకు ఇష్టమేనా అని నేనింతవరకు అడగనేలేదు."

ఆ రోజు నుంచి అతను ఒక్క నెల మానలేదు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, తార్నాకలో దిగి, ఎండలో నడిచి వస్తాడు. ఆ అమ్మాయైతే ఇప్పుడు అతన్ని ఫోన్‌లో ప్రశ్నలతో చంపేస్తోంది, "అక్కా, దీన్ని కాస్త ఆపండి" అని నాకు కంప్లయింట్.

వచ్చేవాళ్లని మిగతా పనులకి కూడా పిలుస్తున్నాం, కానీ ఒకరికి ఏడాదికి ఒకే పని. హెచ్‌ఆర్ అమ్మాయి నాలుగో సెమిస్టర్ వాళ్లకి ఒక పూట మాక్ ఇంటర్వ్యూలు చేసింది, స్కూల్ యాజమాన్యం జీతం ఎంత చెప్తుంది, ఎక్కడ బేరమాడాలి, ఆఫర్ కాగితంలో "ఇతర బాధ్యతలు" అని రాస్తే దాని కింద ఇన్విజిలేషన్, అడ్మిషన్ల ప్రచారం ఎలా దూరుతాయో పూసగుచ్చినట్టు చెప్పింది. అంత పనికొచ్చే క్లాసు మా సిలబస్‌లో ఎక్కడా లేదు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో, 100 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని చెప్పింది కదా, అప్పటి నుంచి పిల్లలకి ఉద్యోగాల మీద ఆశ పెరిగింది. ఉద్యోగం వస్తుంది సరే, ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో చెప్పగలిగేది కూర్చున్నవాళ్లే.

మార్కుల విషయంలో మాత్రం నేను ఆ అమెరికా పద్ధతి తీసుకోలేదు. పిల్లల్లో కొందరు మనమూ కటాఫ్ పెడదాం, గౌరవంగా ఉంటుంది అన్నారు. వద్దన్నాను. మా బ్యాచ్‌లో రీసెర్చ్ మెథడ్స్ రెండుసార్లు తప్పిన ఒకతను ఇప్పుడు డీఅడిక్షన్ సెంటర్లో పదేళ్లుగా ఉన్నాడు, తాగొచ్చిన మనిషితో అతను మాట్లాడే తీరు చూస్తే నా జీపీఏ ఎందుకూ పనికిరాదు. అతన్ని గేటు దగ్గర ఆపే సంఘం నాకెందుకు?

అన్నీ కుదిరాయని కాదు. ఒక సీనియర్ గారు వస్తారు, వచ్చిన ప్రతిసారీ గంటన్నరలో గంట ఆయనే మాట్లాడతారు, పిల్లలు "సార్ సార్" అంటూ తలూపుతారు, ఎలా ఆపాలో ఇంకా తేలలేదు. ఒకరిద్దరు లెక్చరర్లకి ఇదంతా బయటివాళ్ల పెత్తనంలా అనిపిస్తోంది, వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు, మొదట్లో నేను వాళ్లని అడక్కుండానే మొదలుపెట్టాను. దూరం నుంచి వచ్చేవాళ్లకి దారి ఖర్చులు ఇవ్వాలని నేను, అలా ఇస్తే బంధం పోతుందని పిల్లలు. నేనిస్తానంటే వాళ్లు మొహమాటపడుతున్నారు, క్లబ్బు డబ్బాలో చూస్తే మొన్నటి లెక్క ప్రకారం పదకొండు వందలున్నాయి.

నంబర్ల పని మాత్రం తేల్చేశాం. నాలుగో సెమిస్టర్ వైవా రోజున, గది బయట టెన్షన్‌తో కూర్చున్నప్పుడు, ప్రతి ఒక్కరి దగ్గరా సొంత ఈమెయిల్, ఇంట్లో ఇంకొకరి నంబరు, పనిలో ఏ నెలల్లో ఊపిరాడదో రాయించుకుంటున్నాం. జులైలో ఒకసారి జూనియరే ఫోన్ చేస్తుంది, ఏమీ అడగకుండా. "అక్కా, ఎలా ఉన్నారు, ఉద్యోగం దొరికిందా?" అంతే.

ఇప్పుడు బెంగళూరులో ఉన్న ముగ్గురు జూమ్‌లో వస్తామంటున్నారు. స్క్రీన్ వెనకాల గదిలో ఇంకెవరున్నారో మనకి కనిపించదు కదా అని నేను వెనకాడుతున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని తలుపు వేసుకుంటామని ఒట్టు పెడుతున్నారు. వచ్చే రెండో శనివారం ముందు అదే మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే కేసులు.