పసుపు రంగు డ్రిప్, పక్క బెడ్ పెద్దాయన

2019 ఫిబ్రవరిలో ఒక ఆదివారం రాత్రి మొదలైంది నొప్పి. పొట్ట పైభాగంలో పట్టుకుని వీపులోకి పాకింది, ముందుకు వంగి కూర్చుంటే తప్ప ఊపిరి ఆడలేదు. అంతకు రెండు వారాల ముందు ఇలాగే వస్తే చూసిన డాక్టర్ గ్యాస్ అని చెప్పి మాత్రలిచ్చి పంపారు, నేనూ నమ్మాను. ఈసారి మా ఆవిడ నా మాట వినకుండా టాక్సీ పిలిచింది. రక్తపరీక్షలు, స్కాన్ అయ్యాక తేలిందేంటంటే పిత్తాశయంలో రాయి జారి నాళానికి అడ్డం పడింది, దాంతో పాంక్రియాస్, అంటే క్లోమగ్రంథి, బాగా వాచిపోయింది. అక్యూట్ పాంక్రియాటైటిస్. ఉద్యోగం కోసం నెల్లూరు నుంచి ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వచ్చి అప్పటికి మూడేళ్ళు, ఈ ఊళ్ళో నేను ఆసుపత్రి మెట్లెక్కింది అదే మొదటిసారి.

మొదటి పది రోజులు ఏం మింగినా వాంతే. చివరికి నోటితో ఏమీ ఇవ్వొద్దని నా తల వెనక బోర్డు పెట్టారు. ఆకలి రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుందనుకుంటాం గానీ నా విషయంలో అలా జరగలేదు, పొద్దున్నే ట్రాలీ వచ్చి వార్డంతా కాల్చిన బ్రెడ్డు వాసన నిండగానే నాకు కన్నీళ్ళు వచ్చేవి. అమ్మ రోజూ ఫోన్ చేసి "ఏం తిన్నావు నాయనా" అని అడిగేది. ఇడ్లీ తిన్నానమ్మా అని అబద్ధం చెప్పేవాణ్ణి. బెల్‌ఫాస్ట్ ఆసుపత్రిలో ఇడ్లీ ఎవరు పెడతారని ఆవిడా అడగలేదు.

మా గదిలో నాలుగు బెడ్లు. నా పక్క బెడ్‌లో అరవై దాటిన పెద్దాయన, ఊపిరితిత్తుల జబ్బు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. రోజూ లేవగానే "మాజిన్ వా" అనేవారు. ఐరిష్‌లో శుభోదయం అట. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, జైల్లో అన్నారు.

పన్నెండో రోజున ముక్కులోంచి పేగుల దాకా గొట్టం వేసి ఆహారం మొదలుపెడదామన్నారు. దానికి ముందు నర్సు ఒక డ్రిప్ తెచ్చి తగిలించింది, పసుపు నీళ్ళలా ఉంది. చాలా రోజులు తిండి లేని ఒంటికి ఒక్కసారిగా ఆహారం ఇస్తే రక్తంలో లవణాలు తలకిందులై గుండెకే ప్రమాదమట, ఉన్న కాస్త బి1 విటమిన్ కూడా ఖర్చయిపోతుందట, అందుకని ముందే విటమిన్లు ఎక్కిస్తారట. ఆవిడ వెళ్ళిపోయాక పెద్దాయన ఆ సంచీ వైపు చాలాసేపు చూశారు. ఇది లేకే మావాళ్ళ కళ్ళు పోయాయి అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆయనకి ఎలాగూ పట్టదు. లైట్లు తీసేశాక ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ చెప్పుకొచ్చారు. 1977లో, పంతొమ్మిదేళ్ళ వయసులో ఐఆర్‌ఏ (ఉత్తర ఐర్లండ్‌ని బ్రిటన్ నుంచి విడదీసి ఐర్లండ్‌లో కలపాలని పోరాడిన సాయుధ సంస్థ) కేసులో పదహారేళ్ళ శిక్ష పడి, లిస్‌బర్న్ దగ్గర లాంగ్ కెష్ జైలుకి, అదే మేజ్ అంటారు, అక్కడి హెచ్ ఆకారపు బ్లాకుల్లోకి వెళ్ళారు. 1976 మార్చి తర్వాత చేసిన నేరాలకి రాజకీయ ఖైదీ హోదా తీసేశారు కాబట్టి అందరు ఖైదీల్లాగే యూనిఫాం వేసుకోమన్నారు. మేం నేరస్థులం కాదంటూ వీళ్ళు వేసుకోలేదు. ఒంటి మీద దుప్పటి తప్ప ఏమీ లేకుండా దాదాపు నాలుగేళ్ళు. 1978 నుంచి స్నానం కూడా మానేశారు, గోడలకి మలం పూశారు. చదువుకోవడానికి బైబిల్ తప్ప ఏమీ ఉండేది కాదు. భాష వచ్చినవాడు తలుపు సందులోంచి అరిచి చెబితే మిగతావాళ్ళు విని, గోడ మీద గీకి, ఐరిష్ నేర్చుకున్నారు. రాత్రుళ్ళు ఒకడు కథ చెప్పేవాడు, వరండా అంతా వినేది.

ఆ హోదా మళ్ళీ ఇవ్వాలంటూ 1981 మార్చి 1న వాళ్ళలో ఒకడైన బాబీ సాండ్స్ తిండి మానేశాడు. నిరాహార దీక్షలోనే బ్రిటిష్ పార్లమెంటుకి ఎంపీగా గెలిచి, 66వ రోజున, మే 5న చనిపోయాడు, 27 ఏళ్ళు. ఆగస్టు 20కల్లా దీక్షలో పదిమంది పోయారు. నీళ్ళు, ఉప్పు తప్ప ఏమీ తీసుకోలేదు, వేడివేడి భోజనం మాత్రం మూడు పూటలా తెచ్చి గదిలోనే పెట్టేవారు. నలభై రోజులు దాటేసరికి కళ్ళు నిలకడ తప్పేవి, ఒకటి రెండుగా కనిపించి వాంతులయ్యేవి, తర్వాత చూపే పోయేది. బతికి బయటపడ్డవాళ్ళలోనూ కొందరికి చూపు మునుపటిలా రాలేదు. ఈయన కూడా దీక్షకి పేరిచ్చారట, వంతు రాలేదు. "వాళ్ళ గిన్నెల చప్పుడు నాకు వినిపించేది అబ్బాయ్, నేను మాత్రం తిన్నాను" అన్నారు. అప్పుడే నాకు బోధపడింది, పన్నెండు రోజులుగా నా ముందు ఆయన ఒక్కసారి కూడా తినలేదు. భోజనం రాగానే కర్టెన్ లాక్కునేవారు.

నేను పొట్టి శ్రీరాములు గురించి చెప్పాను. 1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో 58 రోజులు తిండి లేకుండా ఉండి చనిపోయారని, మా జిల్లాకి ఇప్పుడు ఆయన పేరేనని. చిన్నప్పటి నుంచి పాఠంలో చదివిన 58 అనే అంకె నాకు అంతవరకు అంకే, ఒళ్ళు కాదు. పెద్దాయనకి ఈ కథ కొత్త. మన స్వాతంత్ర్య పోరాటకాలంలో లాహోర్ జైల్లో 63 రోజులు దీక్ష చేసి పోయిన జతీంద్రనాథ్ దాస్ గురించి మాత్రం జైల్లోనే విన్నారట.

పెద్దాయన్ని దేవుణ్ణి చేయాలని లేదు. ఉత్తర ఐర్లండ్‌లో ముప్పై ఏళ్ళు నడిచిన ఆ గొడవల్లో 3,500 మందికి పైగా చనిపోతే అందులో సుమారు 1,700 మందిని చంపింది ఐఆర్‌ఏ. మా ఎదురు బెడ్‌లో ఉన్నాయన తమ్ముడు బాంబు పేలుడులో పోయాడని ఆయన భార్య మా ఆవిడతో చెప్పింది. అన్ని రోజులూ పెద్దాయనా, ఆ ఎదురు బెడ్ ఆయనా ఒక్క మాట మాట్లాడుకోలేదు. మీరేం చేసి లోపలికి వెళ్ళారని పెద్దాయన్ని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. చెప్పారు. అది ఇక్కడ రాయను. ఆ రాత్రి ఆయన వైపు తిరిగి పడుకోలేకపోయాను, పొద్దున మాజిన్ వా అంటే ఆలస్యంగా బదులిచ్చాను.

అయినా నన్ను మంచం దింపింది ఆయనే. 74 కిలోల నుంచి 61కి దిగిపోయాను, నిలబడితే కాళ్ళు వణికేవి, ఇక లేవలేనేమోనని టెన్షన్. గది చిన్నదైతే లెక్క పెట్టుకుంటూ నడవాలని చెప్పారు. మంచం నుంచి కిటికీకి తొమ్మిది అడుగులు. మొదటి రోజు రెండుసార్లు, తర్వాత నాలుగు, తర్వాత వరండా. నేను డ్రిప్ స్టాండు తోసుకుంటూ, ఆయన సిలిండర్ బండి లాగుతూ. ఆయన ఆయాసపడితే నేను ఆగేవాణ్ణి, నాకు కళ్ళు తిరిగితే ఆయన.

ఇరవై ఆరో రోజున నోటితో మొదటి ముద్ద. రెండు చెంచాల జెల్లీ. ఆ రోజు అమ్మకి నిజం చెప్పాను, ఫోన్‌లో ఏడ్చేసింది. ముప్పై రెండో రోజు ఇంటికి పంపారు, జూన్‌లో పిత్తాశయం తీసేశారు. నూనె, నెయ్యి తగ్గించి చాన్నాళ్ళు పెరుగన్నంతోనే బతికాను. చేపల పులుసు తినడానికి దసరా దాకా పట్టింది.

సెప్టెంబరు నుంచి మంగళవారాలు ఫాల్స్ పార్కుకి వెళ్తున్నాను. ఆయన ఇల్లు అక్కడికి దగ్గర. సిలిండర్ నేను లాగుతాను, ఆయన బెంచీలు లెక్కపెడతారు. ఎండాకాలంలో అయిదో బెంచీ దాకా వెళ్ళేవారట. పోయిన వారం మూడో దాని దగ్గరే కూర్చుండిపోయారు, వాన మొదలైనా కాసేపు లేవలేదు.