పులిపిరి డైరీ: మేడ మీద కుండీలు, చేతి మీద ప్రయోగాలు

మార్చి

మేడ మీద మందు మొక్కలు పెంచడం నాకు కొన్నేళ్లుగా ఉన్న సరదా. కలబంద, వాము ఆకు, తులసి, కుండీలో పట్టేంత నిమ్మ, ఎవరూ నాటకుండానే లేచిన ఆముదం చెట్టు. మాది విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ. సముద్రం గాలి నేరుగా తగులుతుంది కాబట్టి ఆకుల చివర్లు ఉప్పుకి మాడుతుంటాయి. సాయంత్రం పైపుతో ఆకులు కడిగితే కాస్త నయం. ఈ ఏడాది మొక్కలతో పాటు నా చెయ్యి కూడా ఈ సరదాలోకి వచ్చింది. కుడి చేతి మీద మూడు పులిపిర్లు లేచాయి. మా ఆయన మెడ చుట్టూ చిన్న చిన్న కాయలు వేలాడుతున్నాయి. అందరూ చెప్పే చిట్కాల్లో ఏది పనిచేస్తుందో రాసి పెట్టుకుంటూ చూద్దామనుకున్నాను.

మొదలుపెట్టే ముందు ఇద్దరం స్కిన్ డాక్టరుకి చూపించుకున్నాం. ఏది ఏమిటో తెలియకుండా మందు రాయడం నాకు ఇష్టం లేదు. నా చేతివి అసలు పులిపిర్లు. గరుకుగా, కాలీఫ్లవర్‌లా ఉంటాయి. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి. ఆ వైరస్‌లో వందకు పైగా రకాలున్నాయి. చర్మం మీద చిన్న గీరు పడితే చాలు, అందులోంచి లోపలికి పోతుంది. పులిపిరిలో కనిపించే నల్ల చుక్కల్ని మా అమ్మ 'వేర్లు' అంటుంది గానీ, అవి గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. పులిపిరి చర్మం పైపొరలోనే ఉంటుంది, లోతుగా వేళ్లూనుకునేది కాదు. మా ఆయన మెడవి వేరు, వాటిని స్కిన్ ట్యాగ్ అంటారు. మెత్తగా, సన్నటి కాడతో ఉంటాయి. వాటికి రాపిడి, బరువు, షుగర్‌తో సంబంధం ఉంది, అంటుకునేవి కావు. ఒకదానికి రాసే మందు ఇంకోదానికి రాస్తే డబ్బూ చర్మమూ రెండూ దండగ.

ప్రయోగం ఇలా పెట్టుకున్నాను. చూపుడు వేలి పక్కనున్న దానికి మెడికల్ షాపు మందు. బొటనవేలి కణుపు మీద దానికి వంటింటి చిట్కాలు, ఒకటయ్యాక ఒకటి. చేతి వెనక ఉన్న మూడోదాన్ని అస్సలు ముట్టుకోను. ప్రతి ఆదివారం ఉదయం అదే కిటికీ దగ్గర, పక్కన పిల్లల స్కూల్ స్కేలు పెట్టి ఫొటో. ఇది చాలా ముఖ్యం. రోజూ చూసుకునే కంటికి 'తగ్గినట్టే ఉంది' అనిపిస్తుంది. స్కేలుకి ఆ మొహమాటం ఉండదు.

ఏప్రిల్

మెడికల్ షాపులో సాలిసిలిక్ ఆసిడ్, లాక్టిక్ ఆసిడ్ కలిపిన పెయింట్ దొరుకుతుంది. రెండూ పదహారు, పదిహేడు శాతం దగ్గర ఉంటాయి. 'ఇది నేచురల్ కాదు కదా' అంది కింది ఫ్లాట్ పిన్నిగారు. సాలిసిలిక్ ఆసిడ్ మొదట విల్లో చెట్టు బెరడు మీద పరిశోధనల్లోంచే వచ్చింది, ఇప్పుడు ఫ్యాక్టరీలో చేస్తారు. పులిపిర్లకు ఇంట్లో వాడే మందుల్లో పరీక్షలకి బాగా నిలబడింది ఇదే.

వాడే పద్ధతి రాస్తాను, ఎందుకంటే అట్ట మీద రాసింది ఎవరూ చదవరు. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో ఐదు పది నిమిషాలు వేలు నానబెట్టాలి. తెల్లగా మెత్తబడ్డ పైపొరని నెయిల్ ఫైల్‌తో రుద్దాలి, రక్తం వచ్చేదాకా కాదు. ఆ ఫైల్ ఇంకెవరూ వాడకూడదు, మనం కూడా మంచి గోళ్లకి వాడకూడదు. వైరస్ దాంతోనే వేరేచోటికి పాకుతుంది. చుట్టూ ఉన్న మంచి చర్మానికి వేజ్‌లిన్ రాసి, అగ్గిపుల్ల కొసతో ఒక్క చుక్క పులిపిరి మీదే పెట్టాలి. ఆరాక తెల్లటి పొర కడుతుంది. మర్నాడు మళ్లీ అదే. పన్నెండు వారాల దాకా పట్టొచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. మంట పెట్టి ఎర్రబడితే రెండు మూడు రోజులు ఆపాలి.

కణుపు దానికి మొదటి చిట్కా అరటి తొక్క. చక్కరకేళి తొక్క లోపలి భాగం పులిపిరికి ఆనించి ప్లాస్టర్ వేసి పడుకోవడం. ఫలితం: పక్క మీదకి చీమలు. పులిపిరి సైజులో తేడా లేదు. హాని కూడా లేదు కాబట్టి ఎవరైనా చేస్తానంటే నేను అడ్డు చెప్పను.

మే

ఉక్కకి మేడ మీద కాలు పెట్టలేకపోతున్నాం. వెల్లుల్లి మొదలుపెట్టాను. పల్చటి ముక్క, పైన ప్లాస్టర్. అర్ధరాత్రికే మంట లేచింది, తీసేశాను. చుట్టూ ఎర్రగా పొక్కింది. పచ్చి వెల్లుల్లి గంటల తరబడి చర్మానికి కట్టి ఉంచితే కాలిన గాయాలవుతాయని వైద్య పత్రికల్లో కేసులు చాలానే ఉన్నాయి. యాపిల్ సైడర్ వెనిగర్‌ది కూడా అదే కథ. అందులో ఉన్నది 5 శాతం ఎసిటిక్ ఆసిడ్, సీసా మీద బొమ్మ ఎంత అందంగా ఉన్నా సరే. దాన్ని వదిలేశాను.

ఇక్కడ సున్నం సంగతి చెప్పాలి. మన వైపు ఊళ్లలో పులిపిరికి సున్నం, బట్టల సోడా కలిపి పెట్టడం అందరికీ తెలిసిన వైద్యం. 'ఒక్క రోజులో ఊడిపోద్ది' అంటారు, నిజమే, ఊడిపోతుంది. తడి సున్నం, వాషింగ్ సోడా నీళ్లలో కలిస్తే కాస్టిక్ సోడా తయారవుతుంది. సబ్బు ఫ్యాక్టరీల్లో వాడేది అదే. దానికి పులిపిరి, మంచి చర్మం అన్న తేడా లేదు, రెండిటినీ తినేస్తుంది. మా పనమ్మాయి మెడ మీద అలా చేసిన చోట నల్లటి మచ్చ, దాని మీద లేచిన గట్టి బుడిపె ఇప్పటికీ ఉన్నాయి. మన రంగు చర్మానికి కాలిన చోట నల్లబడటం, ఇలాంటి గట్టి బుడిపె (కీలాయిడ్) లేవడం ఎక్కువ. పులిపిరి ఉంటే ఏదో ఒకరోజు పోయేది, ఆ మచ్చ మాత్రం పోయేలా లేదు.

అదే లెక్కలో జిల్లేడు పాలు. కుండీల మధ్య ఒక జిల్లేడు మొక్క తనంతట తనే లేచింది. దూదితో ఎగిరొచ్చే గింజ కదా. 'ఇంట్లోనే ఉండగా ఇంకేంటమ్మా, రెండు చుక్కలు పెట్టు' అంది అమ్మ ఫోన్లో. పెట్టలేదు. రథసప్తమికి తల మీద పెట్టుకునే ఆకు వేరు, తుంచితే కారే పాలు వేరు. ఆ పాలు వేలికంటి కంట్లో పడితే కార్నియా వాచి చూపు మసకబారుతుంది, పైగా నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి ఎవరూ వెంటనే ఆసుపత్రికి పోరు. పొరపాటున పడితే చాలాసేపు నీళ్లతో కడిగి అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మొక్కని గ్లౌజులు వేసుకుని పీకేశాను.

పలాస వైపు చుట్టాలు జీడిపిక్కల పెంకు నూనె పంపిస్తామన్నారు. వద్దన్నాను. జీడి పని చేసేవాళ్ల చేతులు చూస్తే ఆ నూనె ఏం చేస్తుందో తెలుస్తుంది. బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడిది కూడా అదే కుటుంబం, అదే మంట.

జూన్, జూలై

వానలు పడ్డాయి. ఆముదం మొక్క నా ఎత్తు పెరిగింది. కాయలు రాకముందే కొమ్మలు నరికేస్తున్నాను, మేడ మీద పిల్లలు ఆడుకుంటారు. ఆముదం నూనెలో విషం ఉండదు గానీ గింజలో ఉంటుంది.

కణుపు పులిపిరికి ఇప్పుడు డక్ట్ టేప్. వెండి రంగులో గట్టిగా ఉండే ఈ టేప్ పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ షాపులో దొరికింది. 2002లో అమెరికాలో పిల్లల మీద చేసిన ఒక చిన్న పరీక్షలో టేప్ వేసినవాళ్లలో 85 శాతం మందికి పులిపిర్లు పోయాయి, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించినవాళ్లలో 60 శాతం మందికే పోయాయి. అప్పట్నుంచి టేప్‌కి మంచి పేరు వచ్చింది. 2006లో నెదర్లాండ్స్‌లో పిల్లల మీద, 2007లో అమెరికాలో పెద్దవాళ్ల మీద మళ్లీ చేస్తే, వేసినా వేయకపోయినా చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆ రెండోసారి, మూడోసారి సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

అయినా చూద్దామని ఆ మొదటి పరీక్షలో చేసినట్టే చేశాను. ఆరు రోజులు టేప్ ఉంచాలి. తీశాక నానబెట్టి, ఫైల్‌తో రుద్ది, ఒక రాత్రి గాలి తగలనిచ్చి మళ్లీ వేయాలి. మన ఊరి చెమటకి ఆరు రోజులు నిలిచే టేప్ నేనైతే చూడలేదు. అంట్లు తోమేవాళ్ల వేలికి అసలు పని కాదు. అంచుల్ని గుండ్రంగా కత్తిరిస్తే కాస్త ఎక్కువసేపు ఉంటుంది. దీనివల్ల పైపొర మెత్తబడి రుద్దడం తేలికైంది. సైజు కొంచెం తగ్గింది.

సింహాచలం అనాసలు వచ్చాయి. అనాసలో బ్రొమలైన్ ఉంటుంది, మాంసకృత్తుల్ని కరిగిస్తుంది, అందుకే ఎక్కువ తింటే నాలుక గీరుకుంటుంది. ఆ లెక్కన పులిపిరి కరగాలి కదా అని రసం పెట్టి చూశాను. కరగలేదు. మిగతా పండు మేం తినేశాం.

చూపుడు వేలిది మాత్రం జూలై చివరికి చదునైపోయింది. నల్ల చుక్కలు పోయాయి, వేలిముద్ర గీతలు మళ్లీ ఆ చోటి మీదుగా వెళ్తున్నాయి. పులిపిరి పూర్తిగా పోయిందనడానికి ఆ గీతలే గుర్తు. అవి కనపడేదాకా మందు ఆపకూడదు.

ఆగస్టు

మా ఆయన మెడ. ముందుగా ఆముదం, తర్వాత వేపనూనె, తర్వాత ఎవరో చెప్పారని కలబంద గుజ్జు. ఫొటోల్లో ఏ మార్పూ లేదు. దిండు గలీబులు పాడయ్యాయి, ఇల్లంతా వేప వాసన. స్కిన్ ట్యాగ్ అంటే చర్మం, కొవ్వు, చిన్న రక్తనాళం ఉన్న కాడ. పైన నూనె రాస్తే అది ఎందుకు రాలాలో ఆలోచిస్తే నాకు కారణం దొరకలేదు.

పాత పద్ధతి, దారమో తల వెంట్రుకో కాడ చుట్టూ బిగించి కట్టడం. రక్తం ఆగి అది నల్లబడి రాలిపోతుంది. లాజిక్ సరైనదే, కాడ దారమంత సన్నగా ఉంటే పనిచేస్తుంది కూడా. కానీ సగం బిగిస్తే వాచి చీము పడుతుంది. కనురెప్ప మీద అయితే ఆ మాట తలపెట్టకూడదు. డాక్టరు దగ్గర మత్తుమందు రాసి కాటరీతో కాల్చడం కొన్ని నిమిషాల పని. మా ఆయన చొక్కా కాలర్‌కి తగిలే వాటిని మాత్రం తీయించుకున్నారు.

అసలు లాభం వేరేచోట వచ్చింది. ఇన్ని ట్యాగులు ఒకేసారి వస్తే షుగర్ చూసుకోమని డాక్టరుగారు చెప్పారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య అయితే షుగర్‌కి ముందు దశ. 'నువ్వు నా మెడ ఫొటోలు తీయకపోతే నాకు ఈ టెన్షనే ఉండేది కాదు' అని విసుక్కున్నారు గానీ, తెల్లవారుజామున బండ్లు ఆపేసే టైముకి బీచ్ రోడ్డులో నడకకి పోతున్నారు. ఈ డైరీలో ఆరోగ్యానికి నిజంగా పనికొచ్చిన ఎంట్రీ ఇదేనేమో.

అక్టోబరు

ముట్టుకోనన్న మూడో పులిపిరి పోయింది. దానికి ఏమీ రాయలేదు. రెండు ఆదివారాల ఫొటోల మధ్య సగానికి తగ్గింది, తర్వాత రాలిపోయింది. ఆ వెంటనే కణుపు మీదిది కూడా.

ఇప్పుడు క్రెడిట్ ఎవరికివ్వాలి? పులిపిర్లు తమంతట తామే పోవడం మామూలే, ముఖ్యంగా పిల్లల్లో రెండేళ్లలో మూడింట రెండు వంతులు పోతాయి. శరీరం ఆ వైరస్‌ని గుర్తుపట్టిందంటే అన్నీ కలిసి పోవచ్చు కూడా. అంటే మూడోది పోవడం మొదటిదానికి రాసిన మందు చలవేనని కూడా వాదించొచ్చు. ఒక్క చేతి మీద చేసిన ప్రయోగంతో ఇది తేలదు. అయితే, ఆ వారం నేను కణుపుకి అరటి తొక్క కట్టి ఉంటే ఈపాటికి కాలనీ అంతా అరటి తొక్కలే కట్టుకునేది. గాజువాకలో మా అత్తయ్యగారు గుడి కోనేట్లో ఉప్పు, మిరియాలు వేసి పులిపిరి పోగొట్టుకున్నానంటారు. ఆవిడ పులిపిరి పోయింది, అందులో అబద్ధం లేదు. ఉప్పు, మిరియాలు చర్మాన్ని కాల్చవు కూడా, సున్నం కంటే వెయ్యి రెట్లు నయం.

ఈ నెలలోనే ఇంకో సంగతి. నేను పులిపిర్ల మీద పడ్డానని తెలిసి బాబాయిగారు అరికాలిలో నల్ల మచ్చ చూపించారు. 'దీనికేం రాయాలమ్మా?' అని. అంచు వంకరగా ఉంది, ఒక పక్క నలుపు, ఒక పక్క గోధుమ రంగు, పైగా ఏడాదిలో పెరిగిందట. దేనికీ చేయి పెట్టకుండా పెద్దాసుపత్రి స్కిన్ ఓపీకి పంపించాను. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మనవాళ్లలో తక్కువే, వస్తే మాత్రం అరికాలు, అరచెయ్యి, గోరు కింద వచ్చేవి ఎక్కువ. గాయకుడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది అదే, 1981లో చనిపోయారు. బాబాయిగారికి ముక్క తీసి పరీక్ష చేస్తే ప్రమాదం లేదని వచ్చింది. రంగు మారే, పెరిగే, రక్తం కారే పుట్టుమచ్చ మీద ఆముదం కూడా రాయకండి.

నవంబరు

అమ్మ అనకాపల్లి నుంచి వచ్చింది. అరికాలిలో గట్టిగా ఉందని, పులిపిరి మందు ఇమ్మని. నిలువుగా నొక్కితే నొప్పి అంది, రెండు పక్కల నుంచి గిల్లితే లేదు. చర్మం గీతలు దాని మీదుగానే పోతున్నాయి, నల్ల చుక్కలు లేవు. ఆనెకాయే. పులిపిరైతే గిల్లినప్పుడు నొప్పి పుట్టాలి, గీతలు దాని దగ్గర తెగిపోవాలి.

ఆనెలకి 40 శాతం సాలిసిలిక్ ఆసిడ్ ఉన్న పట్టీలు దొరుకుతాయి. అమ్మకి షుగర్ ఉంది, పాదాల్లో స్పర్శ తగ్గింది. కాలినా తెలియదు, పుండు పడితే మానదు. కాబట్టి పట్టీ లేదు, బ్లేడు లేదు, నా సీసా కూడా లేదు. మడమ అరిగిన చెప్పులు మార్పించి, మెత్తటి అడుగున్నవి కొన్నాం. వచ్చే వారం పాదాల డాక్టరుకి చూపిస్తున్నాం. కలబంద పిలకలు రెండు కుండీల నిండా వచ్చాయి, దగ్గర్లో ఉన్నవాళ్లకి కావాలంటే ఇస్తాను. పులిపిరికి కాదు.