నల్లగా పండే గోరింటాకు లేదు

నా కుడి ముంజేతి మీద ఒక తీగ, రెండు ఆకుల ఆకారంలో లేత మచ్చ ఉంది. రెండేళ్ల కిందట పెట్టుకున్న గోరింటాకు కోన్ తాలూకు గుర్తు అది.

మేం ఉండేది చెన్నై పెరంబూరులో, సొంతూరు నెల్లూరు. మా తోటికోడలి గృహప్రవేశానికి ముందురోజు బజార్లో ఒక కోన్ కొన్నాను. "పది నిమిషాలు చాలు, నల్లగా పండుతుంది" అన్నారు. నిజంగానే పండింది. మా పాప తనకూ పెట్టమని ఏడ్చింది కానీ అప్పటికే కోన్ అయిపోయింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మూడో రోజు దురద మొదలైంది. మర్నాటికి డిజైన్ ఎక్కడుందో సరిగ్గా అక్కడే, గీత గీతకీ నీటి పొక్కులు.

చర్మం డాక్టరు గారు చూడగానే చెప్పారు. గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదట. నలుపు కోసం అందులో పీపీడీ అనే రసాయనం కలుపుతారు, హెయిర్ డైలలో వాడేది అదే. దానికి ఒకసారి ఎలర్జీ వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, కాబట్టి ఇక జుట్టుకు మామూలు డై వేసుకోకూడదు అన్నారు. పొక్కులు మానడానికి మూడు వారాలు పట్టింది. నాకు అప్పటికే పాపిట దగ్గర నెరుపు వచ్చేసింది. చేతికి పెట్టుకున్న కోన్ కష్టాన్ని జుట్టు దాకా తెచ్చింది.

ఆ తర్వాత గోరింటాకు అంటేనే టెన్షన్. అది పోగొట్టింది మా అమ్మ. ఆషాఢంలో ఊరికి వెళ్తే, పెరటి చెట్టు ఆకు దూసి, కాస్త చింతపండు, రెండు వక్కపలుకులు వేసి రోట్లో మెత్తగా రుబ్బింది. ముందు మోచేతి మడతలో చిన్న చుక్క పెట్టి రెండు రోజులు చూసింది. ఏమీ కాలేదు. అప్పుడు అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు. తప్పు ఆకుది కాదని నాకు గట్టి నమ్మకం కుదిరింది. పిన్ని కూతురి పెళ్లికి కోన్లు నేనే చేసి, నేనే పెడతానని అక్కడే మాటిచ్చేశాను.

రుబ్బిన ఆకుతో సన్న గీత రాదు, పొడి కావాలి. మొదటిసారి ఇక్కడి నాటు మందుల కొట్టులో మరుదాణి పొడి అడిగి తెచ్చాను, తమిళంలో గోరింటాకుని అలాగే అంటారు. అది తలకు పెట్టుకునే రకం. ఆకు ఈనెలన్నీ అందులోనే ఉండి కోన్ మొన నిమిషానికోసారి మూసుకుపోయింది. రెండోసారి రాజస్థాన్ పాలీ జిల్లా సోజత్ పొడి తెప్పించాను. 2021లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన మెహందీ అది. గోధుమపిండి కంటే మెత్తగా జల్లించి ఉంది. వంద గ్రాముల పొడికి ముప్పై గ్రాముల పంచదార, పాతిక మిల్లీలీటర్ల నీలగిరి తైలం, సరిపడా నిమ్మరసం.

అయినా చెడింది. రాత్రంతా నానాలని విన్నాను కదా అని, ఇంకా బాగా పండుతుందనుకుని, మే నెలలో వంటింటి గట్టు మీద ఒకటిన్నర రోజు వదిలేశాను. చేతికి పెడితే రంగే రాలేదు. ఆకులో లాసోన్ అనే రంగు ఉంటుంది. పులుపులో అది మెల్లగా బయటికొస్తుంది, వేడికి త్వరగా వస్తుంది, ఎక్కువసేపు ఉంచితే సత్తువ పోతుంది. చెన్నై ఎండల్లో మా ఇంట్లో ఆరేడు గంటలు చాలని మూడోసారికి అర్థమైంది. ఇప్పుడు ఐదో గంట నుంచి అరచేతిలో చుక్క పెట్టి చూస్తాను. ఐదు నిమిషాలకు తుడిస్తే నారింజ మరక కనబడాలి. కనబడగానే పాత నైలాన్ చున్నీ ముక్కలో వడకట్టి, బొకేలకు చుట్టే ప్లాస్టిక్ కాగితంతో కోన్లు చుట్టి ఫ్రీజర్లో పెట్టేస్తాను. నెల రోజులు స్టీలు పళ్లెం మీద గీతలు దిద్దాను.

పెళ్లికి రెండు రోజుల ముందు రాత్రి చెల్లెలికి పెట్టాను. నాలుగు గంటలు పట్టింది. ఆరుతుండగా నిమ్మరసం, పంచదార పాకం దూదితో అద్దాను. పొద్దున్న చెంచా అంచుతో గీకి, నీళ్లు తగలకుండా కొబ్బరినూనె రాశాను. చూస్తే గుమ్మడిపండు రంగు! పెళ్లికూతురి ముఖం వాడిపోయింది. "రేపటి దాకా ఆగమ్మా" అన్నాను కానీ నాకూ నిద్ర పట్టలేదు. గాలి తగిలేకొద్దీ ముదురుతుందని తెలిసినా, చూసేదాకా ధైర్యం రాదు. మర్నాడు సాయంత్రానికి అరచేతులు ముదురు చింతగింజ రంగుకు తిరిగాయి. చర్మం మందంగా ఉంటుంది కాబట్టి అరచేయి, అరికాలు అలా పండుతాయి. ముంజేయి కాస్త లేతగానే ఉండిపోయింది.

మా పాపకు మాత్రం తైలం కలపకుండా వేరే కోన్ చేశాను. పిన్ని వాళ్ల మనవడు చంటివాడు, వాడి అరికాళ్లకూ పెట్టమన్నారు. నేను ఒప్పుకోలేదు. జీ6పీడీ లోపం, అంటే రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం, ఉన్న పసివాళ్లకు గోరింటాకు తగిలితే రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉందని మా డాక్టరు గారు చెప్పారు. బయటికి కనబడే లోపం కాదది.

జుట్టుకు కూడా ఇదే ఆకు ఇప్పుడు. మొదట గోరింటాకు రెండు గంటలు, కడిగేశాక నీలిమందు మొక్క ఆకు పొడి. ఇక్కడ అవురి అంటారు. దాన్ని గోరువెచ్చటి నీళ్లలో కలిపిన పావుగంటలోపు తలకు పట్టించాలి. మొదటి రోజు పచ్చటి ఛాయ ఉంటుంది, మర్నాటికి నలుపు దిగుతుంది. బ్లాక్ హెన్నా అని రాసిన పెట్టెలు మాత్రం తీసుకోను. వాటి వెనక చిన్న అక్షరాల్లో చాలాసార్లు అదే పీపీడీ ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్లో ఎవరింట్లో శుభకార్యమైనా కొన్న కోన్లు నాకు చూపించి వెళ్తారు. ఏమేం కలిపారో రాసి ఉందా, ఎంతసేపట్లో పండుతుందన్నారు అని అడుగుతాను. పది నిమిషాలు అంటే ఆ కోన్ నా దగ్గరే ఉంచేసుకుని, ఫ్రీజర్లోంచి రెండు తీసి ఇస్తాను.