తడిగుడ్డతో పోతుందట!

మా గోడ మీది బూజు గురించి ఓనరుగారు ఈసారీ అదే మాట. "వానాకాలం కదమ్మా, తడిగుడ్డతో తుడిచేయండి, పోద్ది." పైవాళ్ళ బాత్రూం నీళ్ళు మా గోడలోకి దిగుతున్నాయని ఎంత మొత్తుకున్నా ఆయనకి అది వానే. విజయనగరంలో చినుకు పడని వారం కూడా ఆ గోడ చెమ్మగానే ఉంది మహాప్రభో! అద్దె మాత్రం ఒకటో తారీకు పొద్దున్నే గుర్తొస్తుంది ఆయనకి.

సరే, తుడవబోయాను. ఆ పచ్చబూజు మీద నీళ్ళు చల్లితే తడిస్తేగా! బొట్లుబొట్లుగా జారిపోయాయి.

ఇది హైడ్రోఫోబిన్ పని. క్లాసులో ఎప్పుడూ పైపైన చెప్పి దాటేస్తాను. వంద అటూఇటూ అమైనో ఆమ్లాల బుల్లి ప్రొటీన్. వాటిలో సిస్టీన్ అనే రకానివి ఎనిమిది జతకట్టి దాన్ని నాలుగు చోట్ల ముడేస్తాయి. దానికి ఒక పక్క నీళ్ళంటే పడదు. అందుకని గాలీ నీరూ కలిసే చోటికి చేరి, ఎవరూ పేర్చకుండానే పొర కట్టేస్తుంది. బూజు బీజాల మీది పొరైతే పక్కపక్కనే ఒరిగిన సన్నటి కడ్డీలు, ఒక్కోటి దాదాపు 10 నానోమీటర్ల వెడల్పు. డిటర్జెంటులో మరిగించినా విడిపోవు, ట్రైఫ్లోరో అసిటిక్ ఆమ్లం లాంటి ఘాటైన ఆమ్లం పోయాల్సిందే. ట్రైకోడెర్మా అనే ఇంకో బూజు పొర వేరే రకం, కడ్డీలుండవు, తేలిగ్గానే కరుగుతుంది. మా గోడకి ఆ అదృష్టం కూడా లేదు.

పుట్టగొడుగులూ బూజుకి చుట్టాలేగా, మామ్మ గుర్తొచ్చింది. తొలకరికి పార్వతీపురం సంత నుంచి తాతయ్య పుట్టకొక్కులు ఆకుల్లో కట్టించి తెచ్చేవాడు. మట్టి పోయేదాకా కడగడం మామ్మ పని, చెంబుతో నీళ్ళు పొయ్యడం నా పని. "మెల్లగా పొయ్యవే, గొడుగులు విరిగిపోతాయి" అని ఒకటే తిట్లు. కూర దించేలోపే తాతయ్య కంచం ముందుండేవాడు. మాకు మిగిలేది పులుసే. దానికే కొట్టుకునేవాళ్ళం, నేనూ తమ్ముడూ.

ఎండు కొమ్మల మీద మొలిచే షైజోఫిల్లం అనే పుట్టగొడుగు ఉంది చూడండి, 1991లో నెదర్లాండ్స్‌లో వెస్సెల్స్ అనే శాస్త్రవేత్త బృందం ఈ హైడ్రోఫోబిన్లకి ఆ పేరు పెట్టింది దాన్ని చూసే. దాని కండలోని గాలి దారులకి లోపల ఇదే పూత. వానలో నానినా ఊపిరాడుతుంది.

తిడదామని కూర్చుని మెచ్చుకుంటున్నాను! కానీ ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు బీజాలు ఇదే పొర కప్పుకుని మన రోగనిరోధక వ్యవస్థ కంట పడకుండా తప్పించుకుంటాయని 2009లో తేల్చారు. మావారికి అసలే దగ్గు. మెప్పు వెనక్కి తీసుకుంటున్నాను.

సిరిమాను పండక్కి చుట్టాలొచ్చేలోపు పైవాళ్ళ బాత్రూం పైపు సంగతి తేలాలి. రేపు ఓనరుకి ఫోను లేదు, నేరుగా పైకే వెళ్తాను. గొడవెందుకని ఈయన అంటారు. అననీ.