పోటు తెలిసిన మనిషి

కోరింగ దగ్గర మడ మొక్కలు నాటే పనికి వెళ్లి నిన్న రాత్రే తిరిగొచ్చాను.

ఉప్పు పేరుకుపోయిన నేలలో ముందు చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వుతారు. మధ్యలో పెద్దది, రెండు పక్కలా ఏటవాలుగా చిన్నవి. పోటుకి నీరు లోపలికొస్తుంది, పాటుకి ఉప్పుని కడిగి తీసుకెళ్తుంది. ఆ కాలువల అంచు వాలులో తెల్ల మడ, నల్ల మడ నాటుతారు.

మొక్క నాటడానికి గుర్తుగా నేను గుంజ పాతిన చోటు చూసి, పీతలు పట్టే ఒక అత్త మట్టి చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ వద్దమ్మా, పోటు నీరు ఇందాకా ఎక్కదు. మొక్క మాడిపోద్ది." మర్నాడు పోటు సమయంలో చూస్తే నీరు సరిగ్గా నా గుంజకి రెండడుగుల కిందే ఆగింది.

అంత తెలిసిన ఆవిడ పేరు పక్కన రిజిస్టర్లో 'హెల్పర్' అని ఉంది. మొక్కల సంచులు నింపేదీ, మోకాలి లోతు బురదలో నాటేదీ ఎక్కువగా ఆడవాళ్లే. కూలి మాత్రం మగవాళ్లకన్నా తక్కువ. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది కదా! ఇంకోటి, ఒంటేలుకి వెళ్లడానికి చాటు లేదని వాళ్లు పడవ తిరిగొచ్చేదాకా మంచినీళ్లు కూడా తాగరు. అది చూశాక నాకు అన్నం సయించలేదు.

వచ్చే నెల కొత్త కాలువలకు కొలతలు వేస్తారట. ఆ రోజు అత్తని కూడా పిలవమని, ఆ రోజు కూలి అందరితో సమానంగా ఇవ్వమని పని చేయించేవాళ్లకి పొద్దున్నే ఫోన్ చేసి అడిగాను. చూస్తామన్నారు. రేపు మళ్లీ చేస్తాను.